ఆరు గులకరాళ్ళు

పోయిన శనివారం కీత్లీ మైదానంలో
వేలెత్తాడని ఆక్రాయిడ్ ముసలాయన ముందు
బ్యాటు నేలకేసి కొట్టాను.
ప్యాడుకే తగిలింది, ఒట్టు.

ఈ వారం కెప్టెన్ బ్యాటివ్వలేదు,
ముసలాయన తెల్లకోటు తొడిగాడు.
మోకాళ్ళు దాటింది. జేబులో ఆరు గులకరాళ్ళు,
దగ్గు బిళ్ళ ఒకటి.

నాలుగో రాయి ఎడమ జేబులోకి మారుస్తుంటే
పదకొండు గొంతులు ఒక్కసారే నా మీద పడ్డాయి.
టిక్కుమన్నది బ్యాటా, బూటా?
గాలి కొండమీది గొర్రెల అరుపులు కూడా మోసుకొచ్చింది.
ఎవరినడగను?
వేలు నాకంటే ముందే లేచింది.

మా జునైద్ ఒక్కసారి చూశాడు.
బ్యాటు చంకలో పెట్టుకుని, గ్లవ్స్ విప్పుకుంటూ
నా పక్కగా వెళ్తూ అన్నాడు:
"పెదాలెండిపోయాయి, నీళ్ళు తాగు."

సాయంత్రం కోటు తిరిగిచ్చాను.
ఆక్రాయిడ్ రాళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఐదే.

ఆరోది ఇంకా నా గుప్పిట్లోనే.