సాఫ్రన్ వాల్డెన్‌లో అరగంట

వ్యాన్ డాష్‌బోర్డు మీద ఫోన్ వదిలేసి దిగాను.
ఇంకా ఇరవై మూడు పార్సిళ్ళు.
ఇరవై నాలుగోది డిపోకి తిరిగి పోవాలి.
హిల్ స్ట్రీట్‌లో తలుపు తీసినాయన
పెట్టె మీద పేరు చదివి
"మంగళవారం పోయింది మా అమ్మ" అన్నాడు,
పెట్టె మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.
ఉన్ని చెప్పులు, ఐదో నంబరు. పైన రాసుంది.
యాప్‌లో ఆ మాటకి గడి లేదు.
"ఇంట్లో లేరు" అని నొక్కాను.

ఊరి మైదానంలో గడ్డి మీద
ఎవరో పెద్ద జంతిక వత్తి
వేయించడం మర్చిపోయినట్టు
చుట్టలు చుట్టలుగా ఒకటే బాట.
ఇటుక పరిచారు. రెండు పాదాలు పక్కపక్కన పట్టవు.
తప్పిపోదామన్నా వీల్లేదు.
పొద్దున్నించీ నాకు కుడి ఎడమలు చెప్పే గొంతు
ఇక్కడైతే "నడువు" అని ఒక్కసారి అని
మూగబోయేది.

మొదట్లో నిమిషాలు లెక్కపెట్టాను.
తర్వాత మలుపులు.
ప్రదక్షిణం కాస్తా అప్రదక్షిణమైంది,
మా మేనత్త చూస్తే జబ్బ పట్టుకుని తిప్పేసేది.
నడిమి దిబ్బ చెయ్యి చాపితే అందేంత దగ్గరకొచ్చింది,
అంతలో దారి నన్ను అంచుకి విసిరేసింది.
కోపమొచ్చింది. నిజంగానే.
గీత దాటితే ఎవరడుగుతారు?
ఒక కుక్క దాటింది,
అన్ని చుట్టలకీ అడ్డంగా, తోక ఊపుకుంటూ,
మధ్యలో కాసేపు వాసన చూసి
ఏమీ దొరక్క వచ్చేసింది.

దాని యజమాని బయటికొస్తున్నాడు, రెండు చేతికర్రలతో.
పక్క చుట్టలో, నా భుజం పక్కనే,
ఆయాసం వినిపించేంత దగ్గర.
మా మధ్య జానెడు పచ్చిక,
దారి లెక్కన అరమైలు.
అలా నాలుగుసార్లు.
ఐదోసారి ఒకే ఇటుక మీద ఎదురుపడ్డాం.
నేను గడ్డి మీదికి జరిగాను.
"మధ్యలో నీళ్ళు నిలిచాయి, చూసుకో" అన్నాడు.

నిలిచాయి. చీలమండ లోతు,
తేలుతూ ఒక చిప్స్ పాకెట్టు,
నా జాకెట్టు పసుపు.
పెద్దగా ఏమీ తట్టలేదు.
పొద్దున గుమ్మంలో సరిగ్గా పలకలేకపోయిన పేరు
నెమ్మదిగా కూడబలుక్కుని
పైకే అన్నాను:
మ్యూరియల్ హాలెట్.
ఇంకోసారి.

వచ్చిన దారినే వెనక్కి, బూట్లు చప్పుడు చేస్తూ.
వ్యాన్‌లో ఆ గొంతు ఇంకా అంటూనే ఉంది,
"వీలైన చోట వెనక్కి తిరగండి" అని.
తిరిగే వచ్చానమ్మా అన్నాను.
వెనక గుట్టలోంచి ఆ పెట్టె తీసి
పక్క సీట్లో పెట్టుకున్నాను,
బెల్టు కూడా పెట్టాను, ఎందుకో.