రెండు కాపీలు

మద్దిలపాలెం బస్టాండు ఎదురు సందులో
నా జిరాక్సు కొట్టుకి బోర్డు లేదు.
హుద్‌హుద్ గాలికి ఎగిరిపోయింది, మళ్ళీ పెట్టించలేదు.
అయినా వెతుక్కుంటూ వస్తారు
రెండు యూనివర్సిటీల పిల్లలూ.

కాగితం చూసి చెప్పేస్తాను ఎవరు ఎక్కడివాళ్ళో.
గవర్నమెంటు పిల్లలు తెచ్చే నోట్సు
కాపీకి కాపీ, దానికింకో కాపీ.
ఎప్పటి సీనియరో ఎడంచేత్తో రాసినట్టున్న అక్షరాలు
ఏడేళ్ళుగా నా మిషను అద్దం మీద పడుకుని లేస్తున్నాయి,
మార్జిన్లో టీ గ్లాసు మరకతో సహా.
"డార్క్ పెంచవా అక్కా" అంటారు.
పెంచుతాను. మరక కూడా నల్లబడుతుంది.

ప్రైవేటు పిల్లలు ఫోన్లోంచి పంపేస్తారు.
కలరు, స్పైరలు, పైన ప్లాస్టిక్ అట్ట.
రేటడగరు.
ఫీజు రసీదొక్కటీ నలుపు తెలుపులో చాలంటారు,
బ్యాంకు లోనుకి.
అద్దం మీద బోర్లా వేసేటప్పుడు
అందులో సున్నాలు నేను లెక్కపెట్టకూడదు.
లెక్కపెడతాను.

ఇప్పుడు మా కనకశ్రీకి రెండు చోట్లా వచ్చింది.
కొండ మీద, సముద్రం వైపు అద్దాల మేడలో ఒకటి.
మార్కులు చూసి నూటికి నలభై తగ్గించారు.
మిగతా అరవై నా పేరు రాసుకుని కూర్చుంది.
ఇంకోటి ఇటు, నడిచెళ్ళే దూరంలో,
రాతి గోడల మధ్య, భూగర్భశాస్త్రం.
దాని బాబు పోర్టులో క్రేను మీంచి ఫోను చేసి
"ఏటాలోసిస్తన్నావు, సంతకం ఎట్టీ" అన్నాడు.
ఎక్కడ ఎట్టాలో చెప్పలేదు.

మా ఆడపడుచు కొండనే పొగిడింది.
ఏసీ, బస్సు, గుమ్మంలోకే కంపెనీలు.
ఇస్త్రీబండి సోమునాయుడు ఇటు లాగాడు:
"కలెక్టర్లయినోళ్ళు ఈ గేట్లోంచే కదమ్మా వచ్చినారు."
ఆయన కొడుకూ ఈ గేట్లోంచే వచ్చి
నాలుగోసారి గ్రూప్ టూ రాస్తున్నాడు.
హాల్ టికెట్టు నేనే ప్రింటు తీశాను.
ఆ మాట ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

ఇక్కడ లేబుకి తాళమట.
తాళం చెవి చూసుకునే మనిషి రిటైరయ్యాడు,
ఆ కుర్చీలోకి ఇంకా ఎవరూ రాలేదట.
అక్కడ భయం వేరు. ఫీజు తీరేదాకా
ఒరిజినల్సు బీరువాలో పెట్టుకుంటారని విన్నాను.
నా కొట్టుకి ఒక కుర్రాడు వచ్చేవాడు,
టెన్త్ మార్కుల లిస్టు జిరాక్సుకే జిరాక్సు తీయించుకుని
ప్రతి ఉద్యోగానికీ అదే పట్టుకెళ్ళేవాడు.
పోయినసారి చూస్తే
పేరులో రెండక్షరాలు లేవు.

ఆఖరి రోజు, రాత్రి పదకొండున్నర.
షట్టరు సగం దించి
కంప్యూటరు ముందు కూర్చుంది గుంట.
సర్వరు తిరుగుతోంది, తిరుగుతోంది.
నేను బయట అరుగు మీద
గోళ్ళలో టోనరు మసి తీసుకుంటున్నాను.
లోపల మిషను మూలిగింది.
ఇంకోసారి మూలిగింది.

"ఇక్కడే చేరతానమ్మా. డబ్బుల గురించి కాదు.
నాకు రాళ్ళంటే ఇష్టం."
కాసేపాగి,
"డబ్బుల గురించి కాదమ్మా."
ఆ మాటకీ రెండు కాపీలు తీసింది.
రెండోది పలచగా వచ్చింది.

రాళ్ళంటే ఇష్టమే, అది అబద్ధం కాదు.
తొట్లకొండ కింద ఒడ్డున ఏరి తెచ్చింది,
తుప్పు పట్టినట్టుండే రాయి, ఖోండలైటో ఏదో అంది.
నా కొట్లో కాగితాలు ఎగరకుండా అదే బరువు.
అంచేత నేనింకేమీ తవ్వలేదు.
"రేపెళ్ళి ఆ తాళం చెవి ఎవరి దగ్గరుందో
బేగి కనుక్కో" అన్నాను.
"ఎవరి దగ్గరా లేకపోతే?"
"పూర్ణా మార్కెట్లో మారు తాళాలు చేసేవాడున్నాడు."
నవ్వింది.

కొండ మీది లెటరు నాలుగు మడతలు పెట్టి
ఊగే బల్ల కాలి కింద దోపింది.

అది నిద్రపోయాక తీశాను.
చేత్తో సాపు చేసి
ఆ రాయి కింద పెట్టాను.
బల్ల మళ్ళీ ఊగుతోంది.