టూ బై త్రీ

మత్తికెరె దర్శినిలో నిలబడే
రెండు కాఫీలు మూడు గ్లాసుల్లోకి వంచుకున్నాం.
ఇంతియాజ్ బిల్లు వెనక రాశాడు:
అప్ క్వార్క్‌కి జమ, మూడింట రెండు.
డౌన్‌కి అప్పు, మూడింట ఒకటి.
రెండు అప్‌లూ ఒక డౌనూ కలిస్తే ప్రోటాన్, నిండుగా ఒకటి.
ఒక అప్, రెండు డౌన్‌లూ అయితే న్యూట్రాన్,
చెల్లుకు చెల్లు.

ఈ నెల స్టైపెండ్ వాడొక్కడికే పడింది.
అద్దె కట్టాక మా గది న్యూట్రాన్.

"ఆ మూడోవంతు విడిగా దొరకదా?"
ప్రభుదాసు అడిగాడు.
"దొరకదు. లాగేకొద్దీ బిగుస్తుంది.
మరీ లాగితే, ఆ లాగిన శ్రమలోంచే
పక్కన ఇంకోటి పుడుతుంది."

ప్రభుదాసు పెట్టె సర్దుకుని వెళ్ళిన ఆదివారం
టులెట్ కాగితానికి మైదా ఉడక్కముందే
అతని మంచం కోడుకి
ఎవరిదో తడి తువ్వాలు.

గ్లాసులు మళ్ళీ మూడు.
పేరింకా అడగలేదు.