కొసరు

కుమాసి నుంచి రాత్రంతా బస్సు,
అఫ్లావోలో కంచె దాటడానికి గంటన్నర.
దాటాక, ఊరింకెంత దూరమని అడిగాడు ఫుసైనీ.
క్వార్షీ మాస్టారు కాలితో నేల తట్టారు: "ఇదే."
కంచెకి వీపు ఆనించి కూర్చున్న నగరం, లోమే.

మూడేళ్లు ఫ్రెంచి చదివాం.
బల్ల ఆడది, పుస్తకం మగది,
సముద్రం ఆడది, రొట్టె మగది.
తప్పితే అరమార్కు కట్.
నాకు ఏనాడూ అరమార్కు పోలేదు.
వెనక బెంచీలో జిఫా ఉండేది.
మాస్టారు లేపి ప్రశ్న వేస్తే
కిటికీ వంక చూస్తూ నిలబడేది, గంట కొట్టేదాకా.
నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్లం.
మొదట అన్నది నేనే.

పెద్ద బజారులో, చర్చి నీడ
ఎండుచేపల గంపల మీద పడే చోట
అందరికంటే ముందు నేను నడిచాను.
హాస్టల్ అద్దం ముందు వల్లించిన వాక్యం
గుడ్డల కొట్టావిడకి అప్పజెప్పాను.
మన మాటల్లో అయితే అది ఇలా ఉంటుంది:
"ఆర్యా, ఈ వస్త్రము యొక్క వెల ఎంతయో
దయతో సెలవీయగలరా?"
ఆవిడ పక్క కొట్టావిడని పిలిచింది,
పక్కావిడ ఆ పక్కావిడని.
మళ్లీ అనమన్నారు. అన్నాను.
ముగ్గురూ ఒకరి మీద ఒకరు వాలిపోయి నవ్వారు,
పాపం, ముద్దుగానే.

"వోయెజో," అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, అందరికీ కలిపి.
"యోఓ," అని వెనక నుంచి జవాబు.
జిఫా.
ఇక ఆగలేదు.
ఎవరి పిల్లవి, ఏ వైపు, అమ్మమ్మ పేరేంటి,
ఎవే భాషలో అడగడాలు, ఎవేలో చెప్పడాలు,
మధ్యమధ్య ఇద్దరూ తొడ చరచుకోవడాలు.
నాకు దొరికింది ఒక్క ముక్క, అఫీ.
శుక్రవారం పుట్టిన అమ్మమ్మ.
కంచె పాతినవాళ్లు ఆ భాషని అడిగినట్టు లేరు,
అటు సగం ఇటు సగం ఉండిపోయింది.
టేబుల్ ఫ్యాన్ల అచ్చు గుడ్డ
నాలుగు గజాలు కొలిచింది ఆవిడ,
కత్తెర పెట్టబోయి ఆగి
జిఫా మొహం చూసి
మూర కొసరు వదిలి కోసింది.

మధ్యాహ్నం మోటారుసైకిళ్ల మీద ఇద్దరిద్దరం.
మా బండి కోమ్లాన్, మలుపుల్లో హారన్ బదులు ఈల.
నా ఫ్రెంచి వినీ వినీ, ఇసుక రోడ్డులో వేగం తగ్గించి
"మీ ఊళ్లో పిల్లలంతా జడ్జీలేనా?" అన్నాడు.

చీకటి పడ్డాక సముద్రం.
లంగరేసిన ఓడల దీపాలు పద్నాలుగన్నాడు ఎడెమ్.
వాటిలో ఒకటి చుక్క అంది సెర్వా.
వేయించిన కందముక్కలు, కారం,
వేళ్ల మధ్య ఇసుక, పళ్ల మధ్యా ఇసుకే.
పుట్టి పంతొమ్మిదేళ్లకి మొదటిసారి
ఉప్పునీళ్లలో పాదం పెట్టాడు ఫుసైనీ.
ఎడమ చెప్పు పట్టుకెళ్లింది అల.
కుడిది విప్పమంటే విప్పడు,
అది తిరిగొస్తే జత ఉండాలిగా, అంటాడు.
దూరంగా కంచె దీపాలు.
ఇక్కడ ఆడదైన ఈ నీరే
ఆ దీపాలవతల ఇంగ్లీషులో ఏదీ కాదు.

రెండు గంటలప్పుడు రోడ్డు పక్క కాఫీ బండి.
ఒక్క బల్బు, మేకుతో చిల్లు పొడిచిన పాలడబ్బా,
మోచేయంత రొట్టెలో గుడ్డట్టు.
పక్కనే జిఫా.
"ఆ రోజు క్లాసులో నేను, నాలుక..." అని మొదలెట్టాను.
రొట్టె విరిచి పెద్ద ముక్క నా చేతిలో పెట్టింది.
"ఇది మగదా ఆడదా?"
"మగది."
"మా అమ్మమ్మ రొట్టెకి ఆ గొడవ లేదు. తిను."
ఆ మూర గుడ్డ నా మెడకి చుట్టింది, చలి లేకపోయినా.
థాంక్స్‌కి మీ మాటేమిటన్నాను.
"అక్పే."
కాఫీ అబ్బాయికి గ్లాసు తిరిగిస్తూ అన్నాను,
గొంతు ఎక్కడ లేవాలో అక్కడ దిగింది.
అతను నవ్వాడు. జిఫా చూపుడువేలు ఎత్తి
అచ్చం మాస్టారులా,
"అరమార్కు కట్."

ఫుసైనీ ఒంటిచెప్పుతో బల్ల మీదే నిద్రపోయాడు.
బల్ల ఆడదని
ఎవరూ లేపి చెప్పలేదు.