జిగురు

ఒకప్పుడిది కాగితపు మిల్లు.
ఓయిలి వాళ్ళ నాన్న గుజ్జు కలిపిన చోటే
ఇప్పుడు నల్ల బీరువాలు బారులు తీరి
రాత్రంతా లెక్కలు నములుతున్నాయి.
వాటి వేడి గొట్టాల్లోపడి కయానీ వీధుల్లోకి పోతుంది.
బయట సున్నాకి ఇరవై ఎనిమిది కింద.
ఎవరో ఆ లెక్కలతోనే స్నానం చేస్తుంటారు.

రెండోది దక్షిణాన, రాత్రి రైలంత దూరంలో,
తలకిందులుగా వేలాడే ఇత్తడి గుత్తి.
అంతరిక్షాన్ని మించిన చలిలో ఉంచితే తప్ప నోరు విప్పదు.
విప్పినా అవునూ కాదూ కలగలిపి గొణుగుతుంది,
పక్కన ఎవరు తుమ్మినా మరిచిపోతుంది.

ప్లైవుడ్ కంపెనీ అడిగింది ఒక జిగురు.
అతికేవాళ్ళ కళ్ళు మండించని జిగురు. అంతే.
అణువు నడుమ చిక్కుపడ్డ ఆ నాలుగు ఎలక్ట్రాన్లు
బీరువాలకు కొరుకుడు పడలేదు.
ఆ చిక్కు మటుకు కత్తిరించి దక్షిణానికి పంపారు.

జవాబు వచ్చింది. తప్పు.
మళ్ళీ పంపారు. కాస్త తక్కువ తప్పు.
చలిది గొణగడం, వేడిది వడగట్టడం,
నాలుగువేల సార్లు.
ఓయిలి కాఫీ మూడుసార్లు చల్లారింది.

పదింటికి గానీ తెల్లవారని ఊళ్ళో
ఆరింటికే ఫోన్ చేశాడు కంపెనీ రైసానెన్:
"అంటుకుంటుందా?"

"అంటుకోవచ్చు."

"వచ్చంటే?"

తెర మీది అంకె వంక చూస్తూ ఆమె
బొటనవేలూ చూపుడువేలూ
ఒత్తి,
మెల్లగా విడదీసింది,
గుజ్జు తొట్టి దగ్గర నాన్న చేసినట్టే.