ఒత్తు

పార్సీగుట్ట కమిటీ హాల్ల
క్యారంబోర్డు మీద ఓట్లు గుమ్మరించిండ్రు.
కళ్లజోడు గుర్తుకొక కుప్ప,
బకెట్ గుర్తుకొక కుప్ప,
చెల్లనివి మూల జేబులకు.

ప్రెసిడెంటుకు నిలబడ్డది ఇద్దరే.
చొల్లేటి ప్రభంజన్ సారు,
ముప్పై ఒక్క ఏండ్లు కాలేజీల రాజనీతి చెప్పి
మోకాళ్లు అరిగి రిటైరైన మనిషి.
గుండేటి కొమురన్న,
నీళ్ల బోర్డుల లైన్‌మన్,
తెల్లారుజాము మూడున్నరకు వాల్వు తిప్పే చెయ్యి.

సారు కరపత్రం నాలుగు పేజీలు,
ఆఖరి పేజీల పట్టిక,
పట్టిక కింద చీమలసొంటి అక్షరాలు.
కొమురన్నదాంట్ల బకెట్ బొమ్మ, ఫోను నంబరు.
మా అత్త రెండిట్లనూ పల్లికాయ పొట్టు పోసింది.

ఓ రాత్రి బడిల సారు బోర్డు మీద గీత గీసిండు,
మెట్లెక్కినట్టు, ఎడమ నుంచి కుడికి:
"చదువు పెరిగితే ఓటు పెరుగుతది,
ఓటుకు తెలివి పెరుగుతది."
పద్దెనిమిది మందిమి తలూపినం.

ఆదివారం పొద్దున
గుట్ట మీది అపార్టుమెంట్లల్ల రెండువందల నలభై ఓట్లుంటే
కిందికి దిగినవి యాభై ఎనిమిది.
మిగిలినోళ్లు సారుకే మద్దతని
ఫోన్లల్ల బొటనవేళ్లు లేపిండ్రు.
వేలిముద్రగాళ్లని మమ్ములను అనేది వాళ్లే.

మాకు సారు రెండేండ్ల సంది చెప్పింది ఒక్కటే:
"కాయితం ముందుకొస్తే వేలు దాచుకో.
పేరు రాయి. పూర్తిగ రాయి.
నీ పేరు లేని కాయితం నీది కాదు."
చిట్టీల పుస్తకంల రాసినం.
బ్యాంకుల పిల్ల సిరా డబ్బీ జరిపితే
వెనక్కి తోసి పెన్నడిగినం.
కరెంటు బిల్లు వెనకాల, గోడ మీద,
పిండి జల్లిన పీట మీద
ఉత్తగనే రాసుకున్నం.

కాయితాలు విప్పే పని నాది.
కళ్లజోడు మీద ముద్ర,
ముద్ర కింద: జంగమ్మ.
పెద్దమనిషిగ కూసున్న పోస్టాఫీసు విఠోబా
"పేరుంటే చెల్లది" అన్నడు, "ఎవరేసిండ్రో తెలువొద్దు గద."
మళ్లొకటి: సాయవ్వ.
మళ్లొకటి: ఖాజాబీ,
ఇంట్ల ఉర్దూ, పలక మీద తెలుగు,
ఆమె దీర్ఘం పతంగి తోకలెక్క
కాయితం అంచు దాకా పోయింది.
పదిహేడు.
పదిహేడో దాన్ని విప్పకముందే ఎరుక నాకు, అది నాదే.

పద్దెనిమిదో మనిషి ఎవరో, ఎవరికేసిందో.
పాఠం ఆమెకొక్కదానికే వంటబట్టిందో,
రాకనే పోయిందో.

బకెట్ నూటా అరవై మూడు.
కళ్లజోడు నూటా యాభై రెండు.
"అవ్వి సారువే, కలపుండ్రి" అన్నడు కొమురన్న.
మనిషి మంచోడే.
అందరం సారు దిక్కు చూసినం.
ఆ రూల్సు రాసింది ఆయనే,
"చెల్లవు" అన్నడు.

బయట గల్లీల అప్పుడే కారణాలు మొదలైనయి.
గుర్తు బాగలేదన్నరు.
కులపోళ్లు లేరన్నరు.
ఆదివారం, మటన్ దుకాణం కాడ లైనున్నదన్నరు.
నాలుగు పేజీలు ఎవడు చదువుతడన్నరు.
నేను ఏమనలే.
గెలిచేటాయనను నా చేత్తో,
నా చేతిరాతతో ఓడగొట్టిన.

సారు క్యారంబోర్డు మూలకు చెయ్యిపెట్టి
నా కాయితం తీసిండు.
కళ్లజోడు నుదిటి మీదికి ఎత్తి
దగ్గరికి తెచ్చుకొని చూసిండు.
రెండేండ్లు నా పేరుల 'మ' కింది 'మ'
జారి పక్కింట్ల పడేది.
"మొగులమ్మా," అన్నడు,
"ఒత్తు సరిగ్గ పడ్డది."
ఓటు సంగతి ఎత్తలే.

సోమవారం మూడున్నరకు నల్లా వచ్చింది, ఎప్పటిలెక్కనే.
రాత్రి బడిల సారు దస్తీతోని
బోర్డు మీది గీత తుడిచిండు,
సగమే పోయింది.
"ఇయ్యాల్టి పాఠం," అన్నడు,
"పేరు ఎక్కడ రాయొద్దో."

ఖాజాబీ చెయ్యెత్తింది.
"సారూ, గిది మొన్న చెప్పొద్దా?"