గచ్చు ఆరేలోపు

పోస్టుకార్డు మీద బొమ్మ.
ఎక్కడో ఇటలీలో, కొండ మీద,
ఏడొందల ఏళ్ళనాటి గుడిలో గోడకున్నదట.
బెర్నార్డో ఫాదరు బాప్తిస్మం పొందిన గుడి.
వశిష్ఠ పాయ దాటి మా లంకకి వస్తూ
బైబిల్లో పెట్టుకుని తెచ్చాడు.
కుడి మూల చెదలు తినేసింది.

"ఇది మన గోడ మీద కావాలి" అన్నాడు.
ఎవరితో? సలాది అప్పలసామితో.
పడవల ముక్కులకి కళ్ళు దిద్దేవాడు,
లారీల వెనక చిలకల్ని వేసేవాడు,
ఏసుప్రభువుని క్యాలెండర్లో తప్ప చూడనివాడు.

గుల్లసున్నం నేను నూరాను. పదకొండేళ్ళు నాకు.
కరక్కాయ నీళ్ళు, బెల్లం
(బెల్లం సగం నేనే తిన్నాను, ఇప్పుడు చెబుతున్నాను).
తడి ఆరేలోపు రంగు పడాలి,
పడ్డ రంగుని గోడ తాగాలి.
ఆరాక పెట్టింది అప్పు లాంటిది, నిలవదు.
ఇది ఫాదరు మాట కాదు, అప్పలసామి మాట.

ఏ రోజు ముక్క ఆ రోజే.
పొద్దున్న మెత్తిన గచ్చు
పొద్దుగూకేసరికి మొహం అవ్వాలి, వల అవ్వాలి.
లేదా చెక్కి పారేయడమే.

వల్లో చేపలు మటుకు కార్డులోవి కావు.
"ఇయ్యేం చేపలండీ!" అని
ఎదురీదే పులసల్ని వేశాడు.
పేతురు పంచె ఎగ్గట్టాడు.
చెదలు తిన్న మూలలో ఏముండేదో ఫాదరుకీ గుర్తులేదు,
చిన్నప్పుడు అక్కడ చీకటిగా ఉండేదన్నాడు.
అప్పలసామి రెండ్రోజులు బీడీలు కాల్చి
ఓలేటి సత్తెమ్మని నిలబెట్టాడు, చుట్టతో సహా.
తల వెనక పసుపు చక్రం.
చాన్నాళ్ళు దాన్ని చేపల తట్ట అనుకున్నాం.

ఎనభై ఆరు వరద పేతురు మోకాళ్ళ దాకా వచ్చింది.
ఒండ్రు గీతని ఫాదరు కడగనివ్వలేదు.
"ఇదీ బొమ్మలోదే."

మొన్న మార్చిలో ఇటలీ నుంచి ఒకావిడ వచ్చింది.
ఆ గుడి భూకంపానికి కూలిందట.
కుడి మూల మట్టే మిగిలింది, ఫొటో కూడా లేదట.
"అక్కడేముండేదో మీ గోడ చెబుతుందేమోనని..."
ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం.
ఆవిడ సత్తెమ్మకి కొలతలు తీసుకుంది,
చుట్టని చాలాసేపు చూసింది.
నేను చెప్పబోయి, మజ్జిగ ఇచ్చాను.

ఆవిడ వెళ్ళాక
ఆవిడ చేసినట్టే టార్చిలైటు గోడకి పక్కవాటుగా పట్టాను.
వెలుగు వాలితే అతుకులు లేస్తాయి,
రోజుకీ రోజుకీ మధ్య చేలగట్లలా.
లెక్కపెట్టాను. నలభై ఒక్క రోజుల కూలి.
చాపంత ముక్కలు, తలుపంత ముక్కలు.
ఒక్కటి మాత్రం, పేతురు ఎడం చెయ్యి,
అరచేతికన్నా కాస్త పెద్దది. అంతే ఆ రోజు.

ఆ రోజు నాకు తెలుసు.
అవతలి రేవులో నావ మునిగిందని కబురొచ్చింది.
ఆయన కళ్ళు దిద్దిన నావే.
అందులో ఆయన పెద్దాడు.
కుంచె నా చేతికిచ్చి
ఏటి వైపు నడిచాడు, పరిగెత్తలేదు.

బకెట్లో గచ్చు మిగిలిపోయింది.
పారబొయ్యమని ఎవరూ అనలేదు.
అలాగే గట్టిపడింది.
ఇప్పటికీ ఉంది, గంట తాడు కింద.
గాలివాన రోజుల్లో
తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాం.